పొలిమేర రాయి దాటిన జక్కరయ్య

ఊరికీ ఊరికీ మధ్య రాయి పాతి, ఇది మీది, అది మాది అనుకోవడం జనం కొత్తగా నేర్చుకున్న రోజులట. ఆ రోజుల్లో నడింపాడు పల్లెలో జక్కరయ్య అని ఒక వెట్టివాడు ఉండేవాడు. వెట్టి అంటే కూలి లేని మోత. ఊరికి వచ్చిన అధికారి పెట్టెను పొలిమేర రాయి దాకా మోయాలి. అక్కడ దించితే అవతలి ఊరి వెట్టివాడు ఎత్తుకుంటాడు. జక్కరయ్య చర్చికి పోయేవాడు, ప్రభువును నమ్ముకున్నవాడు. నమ్ముకుంటే మాత్రం పెట్టె బరువు తగ్గుతుందా?

ఒకసారి సర్కారు అమీను వచ్చాడు. అనుమానం ముందు పుట్టి, తర్వాత తాను పుట్టిన మనిషి. రాయి దగ్గర అవతలి వెట్టివాడు లేడు. ఎండ మాడుస్తోంది. జక్కరయ్య పెట్టె దించకుండా అవతలి ఊరిదాకా మోశాడు. అమీను వెంటనే పెట్టె తెరిచి బట్టలన్నీ చూసుకున్నాడు. ఏదీ పోలేదు.

"ఎందుకు మోశావురా?"

"రాయి దాకా మీ పని, దొరా. రాయి దాటాక మా ప్రభువు పని."

అమీనుకు అర్థం కాలేదు. ఇంటి దగ్గర భార్య సారమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. "ఏందయ్యా నువ్వు చేసింది? నీ మంచితనం రేపు మనోళ్ళందరి నెత్తికి చుట్టుకుంటది."

ఆమె అన్నట్టే అయింది. రెండోసారి అమీను వస్తూనే, "ఇకనుంచి పల్లెవాళ్ళంతా అవతలి ఊరిదాకా మోయాలి" అన్నాడు. జక్కరయ్య రాయి దగ్గరే పెట్టె దించేశాడు.

"మొన్న మోశావుగా. ఇప్పుడెందుకు మోయవు?"

"మొన్న మీరు అడగలేదు, దొరా. ఇవాళ మోస్తే రేపు మావాళ్ళంతా మోయాలి."

అమీను చేతికర్ర విరిగేదాకా కొట్టాడు. జక్కరయ్య పెట్టె ఎత్తలేదు. చెయ్యీ ఎత్తలేదు.

మూడోసారి అమీను కలరాతో వచ్చాడు. బంట్రోతులు ఆయన్ను రాయి పక్కన పడేసి పారిపోయారు. "తల అటుంది, మీ మనిషే" అన్నారు ఈ ఊరివాళ్ళు. "కాళ్ళు అటున్నాయి, మీ మనిషే" అన్నారు ఆ ఊరివాళ్ళు. ఎవరూ దగ్గరికి రాలేదు.

జక్కరయ్య వచ్చాడు. సారమ్మ అడ్డం నిలబడింది. "నిన్ను కొట్టినోడయ్యా. ఆ రోగం నీకంటుకుంటే నేనేం కావాలి?"

జక్కరయ్యకూ భయం వేసింది. అవును, వేసింది. అయినా అమీనును భుజాన వేసుకుని, ఆసుపత్రి ఉన్న ఊరు వచ్చేదాకా రాయి తర్వాత రాయి దాటుకుంటూ పోయాడు.

దారిలో అమీను అడిగాడు. "ఎందుకురా?"

"మీరు అడగలేదుగా, దొరా."

అమీను బతికాడు. జక్కరయ్య బతకలేదు. సారమ్మ చాలాకాలం ప్రార్థనే మానేసిందట. మానదా మరి? అమీను మాత్రం ఆ తర్వాత ఎప్పుడొచ్చినా తన పెట్టె తానే మోసుకునేవాడని చెబుతారు.

ఇప్పటికీ ఆ రెండు ఊళ్ళలో చుట్టం బయలుదేరితే, అది ఏ ఇంటి చుట్టమైనా సరే, సంచి అందుకుని అవతలి ఊరిదాకా సాగనంపుతారు. "ఇక చాల్లెండి, ఎందుకు శ్రమ" అంటే, "మీరు అడగలేదుగా" అంటారు. పొలిమేర రాయి ఎక్కడుందని అడిగితే మాత్రం సరిగా చెప్పలేరు. అక్కడ ఎవరూ ఆగరు మరి.