వాసన లేదన్నవాళ్లు

డాక్టర్ మందాకినిని ప్రశ్న అడగడం ఎంత తేలికో, ఆవిడ నోట జవాబు రాబట్టడం అంత కష్టం. ఒక పెద్దాసుపత్రి శవపరీక్ష విభాగంలో ఆవిడ ఇరవై ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నది. పై చదువు కోసం ఆవిడ కింద చేరే కుర్ర డాక్టర్లు మొదట్లో తెగ అడిగేవారు. ఉల్లిపాయ కోస్తే కళ్లెందుకు మండుతాయి, చనిపోయిన మనిషి ఒళ్లు కొయ్యబారి మళ్లీ ఎందుకు సడలుతుంది, ఒకే గదిలో ఉన్న స్టీలు బల్ల చల్లగా, చెక్క బల్ల వెచ్చగా ఎందుకు తగులుతాయి అని. ఆవిడ తల ఊపి తన పని చూసుకునేది. బల్లల సంగతి అడిగిన కుర్రవాడి చేతికి థర్మామీటరు ఇచ్చి, రెండింటి మీదా పెట్టి చూడమంది. రెండు చోట్లా ఒకటే అంకె వచ్చింది. "మరి నీ చేతికి తెలిసిందేమిటి?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది. ఆ కుర్రవాడు ఆ సాయంత్రమంతా తన అరచేతిని చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ విభాగంలో చేరి మూడు నెలలైన నిరుపమ ఒక ప్రశ్న అడిగింది. అది కుతూహలం కొద్దీ అడిగింది కాదు. ఒళ్లు మండిపోతుంటే అడిగింది.

మే నెల, బుధవారం. ఉదయం పది దాటేసరికి రెండు శవాలు వచ్చాయి. ఒకడు సోములు, ముప్పై నాలుగేళ్లవాడు. రెండోవాడు అతని బావమరిది గవరయ్య, ఇరవై రెండేళ్లు. కూరగాయల మార్కెట్ వెనక మురుగు కాలువ మూసుకుపోతే, మూత తీయించి సోముల్ని లోపలికి దింపారు. అతను పైకి రాలేదు. బావా, బావా అని కేకలు వేస్తూ గవరయ్య దిగాడు. అతనూ పైకి రాలేదు. సోములు భార్య నూకాలు వరండాలో, ఎండ పడుతున్న అరుగు మీద కూర్చుని ఉంది. ఒకే పొద్దున మొగుణ్ణీ తమ్ముణ్ణీ పోగొట్టుకున్న మనిషి. అప్పటికి ఏడుపు కూడా ఆగిపోయింది.

వాళ్లను పనిలో పెట్టిన కాంట్రాక్టరు జోగారావు పదకొండు గంటలకు వచ్చాడు. శవాల గదికీ మందాకిని గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. గుమ్మంలో అడుగు పెట్టడంతోనే అతను జేబురుమాలు తీసి ముక్కుకు గట్టిగా అదుముకున్నాడు. మందాకిని లోపల పరీక్షలో ఉంది. గదిలో నిరుపమ ఒక్కతే ఉంది.

"చూడండి డాక్టరమ్మా," అన్నాడు రుమాలు వెనక నుంచి, "వాళ్లు తాగి దిగారు. అదే రాయండి, అందరికీ మంచిది."

"గ్యాస్ వల్ల కావచ్చు కదండీ?"

"గ్యాసా? మా సూపర్‌వైజరు పైనే ఉన్నాడు. మూత తీయగానే కుళ్లిన గుడ్ల కంపు కొట్టిందట, నిజమే. కానీ సోములుగాడు దిగాక లోపల్నుంచి వాడే అరిచాడు, ఇప్పుడు వాసన లేదు, పోయింది అని. నలుగురూ విన్నారు. ఆ వెంటనే పడిపోయాడు. వాసన పోయిందంటే గ్యాసు పోయినట్టే కదా? మరి దేనికి పడ్డట్టు? పొద్దున్నే పట్టించిన సారాకి!"

నిరుపమకు ఎక్కడో పుస్తకంలో చదివిన ముక్క గుర్తుకు రాబోయి రాకుండా పోయింది. అతని మాట అబద్ధమని ఆమెకు ఒంట్లో ప్రతి నరానికీ తెలుసు. అయినా వినడానికి సబబుగానే ఉంది. అది భరించలేకపోయింది. విసురుగా లోపలికి వెళ్లి, బల్ల మీద వంగి ఉన్న గురువు ఎదుట నిలబడింది.

"మేడమ్, వాసన పోతే గ్యాస్ పోయినట్టేనా?"

మందాకిని తల ఎత్తలేదు. ఎవరన్నారని అడిగింది. నిరుపమ జరిగింది చెప్పింది. ఆవిడ అంతా విని, "ఆయన్ని కూర్చోబెట్టు. టీ తెప్పించు. నేను వస్తున్నానని చెప్పు," అంది.

"టీనా మేడమ్? బయట ఆమె ఎండలో కూర్చుని ఉంది!"

"ఆమెకు మంచినీళ్లివ్వు. నీడకు రమ్మను. ఆయనకు టీ ఇప్పించు."

నిరుపమ పళ్లు బిగించి ఆ రెండు పనులూ చేసింది. నీళ్ల చెంబు అందించినప్పుడు నూకాలు తాగలేదు. ముఖం కడుక్కుని, "డాక్టరమ్మా, ఆడు తాగి సచ్చిపోనాడని పేపరోలకి సెప్తన్నారంట, నిజివేనా?" అని అడిగింది. నిరుపమ ఆమెను నీడకు తెచ్చి కూర్చోబెట్టి లోపలికి వచ్చేసింది. ఇన్నేళ్లు శవాల మధ్య బతికి మందాకిని మేడమ్‌కు గుండె గడ్డకట్టిపోయి ఉంటుందనుకుంది. రాబోయే ఆదివారం ఈ విభాగం మానేస్తున్నానని ఇంట్లో చెప్పేయాలని కూడా అనుకుంది.

అరగంట గడిచింది. మందాకిని చేతులు కడుక్కుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. జోగారావు టీ తాగేశాడు. రెండు బిస్కెట్లు కూడా తిన్నాడు. ఎండల గురించీ, కరెంటు కోత గురించీ ఆవిడతో మాట్లాడాడు. ఆవిడ ఊఁ కొట్టింది. కాసేపటికి, "నిరుపమా, ఆ అమ్మాయిని పిలు," అంది.

నూకాలు గుమ్మం దాటుతూనే ఆగిపోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

జోగారావుకు చిర్రెత్తింది. "ఏంటే ఆ వేషాలు! మురికిలో పుట్టి మురికిలో పెరిగిన దానివి, పెద్ద డాక్టరు గారి గదిలో ముక్కు మూసుకుంటావా? అరగంట నుంచి ఇక్కడే కూర్చున్నాను, ఏ వాసనా లేదే!"

నిరుపమ చూపు జోగారావు ముఖం మీది నుంచి కిందికి జారింది. రుమాలు అతని ఒళ్లో మడతపెట్టి ఉంది. దాని మీద బిస్కెట్ పొడి ఉంది.

"వాసన లేదంటారా?" అంది మందాకిని.

"లేదండీ, ఒట్టు."

ఆవిడ లేచి రెండు గదుల మధ్య తలుపు బార్లా తీసింది. జోగారావు కుర్చీకి నాలుగడుగుల దూరంలో, తెల్ల గుడ్డ కింద రెండు ఆకారాలు ఉన్నాయి.

"జోగారావు గారూ, మీరు టీ తాగింది వీళ్ల పక్కన. వచ్చినప్పుడు మీకు ఊపిరాడలేదు. అరగంటలో మీ ముక్కు అలిసిపోయింది. ఇది మామూలు కంపు కాబట్టి అరగంట పట్టింది. ఆ మురుగు గుంటలోని గ్యాసు ముక్కుతో అంతసేపు పెనుగులాడదు. కొంచెం ఉంటే కంపు కొడుతుంది. ఎక్కువ ఉంటే రెండు మూడు గుక్కల్లో ముందు ముక్కునే చంపుతుంది, ఆ తరవాత మనిషిని. సోములు వాసన లేదని అరిచింది నిజమే. ఆ మాటను నలుగురు విన్నారన్నారు. ఆ నలుగురి పేర్లూ పోలీసులకు మీరే ఇవ్వండి."

జోగారావు ముఖం మాడిపోయింది. "ఇవన్నీ చదువుకున్నోళ్ల మాటలండీ. సాక్ష్యం కావాలి," అన్నాడు, గొంతు పెంచి.

మందాకిని బల్ల మీది స్టీలు గిన్నెలోంచి సన్నని గొలుసు ఒకటి తీసి నూకాలు అరచేతిలో పెట్టింది. బొగ్గులా నల్లగా ఉంది. "మీ ఆయన మొలతాడు ఇదేనా అమ్మా?"

నూకాలు తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది కాదమ్మా. ఆడిది ఎండిది. మొన్న ఆదోరం సింతపండెట్టి నేనే తోమినాను, తెల్లగ మెరిసిపోయింది." అంటూనే ఆమె వేళ్లు కొక్కెం దగ్గర ఆగాయి. విరిగితే రాగి తీగతో చుట్టిన చోటు. ఆ తీగ చుట్టింది తనే.

"ఆదివారానికీ బుధవారానికీ వెండి ఇంత నల్లబడదు," అంది మందాకిని, నిరుపమ వైపు తిరిగి. "సారా తాగితే అసలు నల్లబడదు. మురుగులో పుట్టే గంధకపు గ్యాసు చేసే పని ఇది. కడుపులో సారా వాసన లేదు. రసాయన పరీక్షకు రక్తం పంపుతున్నాను. గొలుసు కూడా సీలు వేసి పంపు, రసీదు ఈమె చేతికివ్వు."

నూకాలు గొలుసును గుప్పిట బిగించి జోగారావు ముందుకు వచ్చింది. కొంగు ఎప్పుడో జారిపోయింది.

"ఆడు తాగినాడన్నావా? నా తమ్ముడూ తాగినాడా? ఆల పీనుగుల పక్కన కూకోని నువ్వు తాగినావురా టీ! బిస్కెట్లు తిన్నావు! ముక్కుకి గుడ్డ కట్టుకోడానికి మా ఆడికి ఒక్కనాడిచ్చినావా నువ్వు?"

జోగారావు లేచాడు. ఆమె దారికి అడ్డం తొలగలేదు. ఆమెను తాకకుండా, గోడకు ఒరుసుకుంటూ బయటికి పోవలసి వచ్చింది. రుమాలు కింద పడిపోయింది. ఎవరూ తీసివ్వలేదు.

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాశారు. రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. కేసు పెట్టారు. జోగారావు అరెస్టయి, పదకొండో రోజున బెయిలు మీద బయటికొచ్చాడు. వాయిదాలు నడుస్తున్నాయి. ప్రతి వాయిదాకీ నూకాలు వెళ్తూనే ఉంది. ఆ నలుగురిలో ఇద్దరు మాట మార్చారు, ఇద్దరు మార్చలేదు. మార్కెట్ వెనక ఆ మూత మీద మాత్రం సిమెంటు పోశారు. పక్క వీధిలో మూతలు తీసి ఇంకా మనుషులే దిగుతున్నారు.

శవాలను అప్పగించాక, ఆ బుధవారం సాయంత్రం, నిరుపమ కుళాయి దగ్గర సబ్బు పెట్టి చేతులు కడుగుతూనే ఉంది. పక్కనే మందాకిని తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటోంది.

"మేడమ్, ఆయనకు టీ ఇమ్మన్నప్పుడు మీ మీద చాలా కోపం వచ్చింది," అంది నిరుపమ. "ఇప్పుడు మీ మీద లేదు. కానీ కోపం మాత్రం తగ్గడం లేదు. ఇలా ఉంటే రేపు పని ఎలా చెయ్యను?"

మందాకిని కుళాయి తనే కట్టేసి, తువ్వాలు ఆమె భుజం మీద వేసింది.

"చేస్తావు. ఆ కోపం ఇప్పుడు లేదు, పోయింది అనిపించిన రోజున మాత్రం నా దగ్గరికి పరుగెత్తుకురా."