వీరవేణి సైకిలు హ్యాండిలు

అనగనగా ఒక కాలవ, ఆ కాలవ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో వీరవేణి అని ఒకావిడ ఉండేది బుజ్జీ. రోజూ పొద్దున్నే గట్టు వెంట మూడు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, పక్క ఊరి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది. మంచాన పడ్డవాళ్ళకి పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, గంజి తాగించడం ఆవిడ పని.

అక్కడ మస్తాన్ తాత అని ఒకాయన ఉండేవాడు. నలభై ఏళ్ళు సైకిళ్ళు బాగుచేసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పట్నుంచీ ఎవరితోనూ ఒక్క మాట లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు. గంజి కూడా రెండు గుక్కలు మింగి వద్దని తల తిప్పేసేవాడు. ఇలా తినకపోతే మనిషి దక్కడని డాక్టరమ్మ వీరవేణితో చెప్పింది.

అలా ఉండగా, వీరవేణి సైకిలుకీ జబ్బు చేసింది. మొదటిరోజు బ్రేకు పట్టినప్పుడల్లా హ్యాండిలు కింద టకటకమంది. పోనీలే అనుకుంది. రెండోరోజు దారిలో ఎవరో పానా పెట్టి హ్యాండిలు కింది నట్టు గట్టిగా బిగించి ఇచ్చారు. టకటక పోయింది కానీ హ్యాండిలు మొండికేసింది. నేరుగా ఉంటే గాడిలో పడ్డట్టు పట్టేసేది. మూడోరోజు గట్టు మీద గేదె ఎదురొచ్చింది. పక్కకి తిప్పబోతే హ్యాండిలు కదల్లేదు. బలంగా తిప్పేసరికి ఒక్కసారిగా తిరిగిపోయింది. సైకిలూ మనిషీ కాలవలోకి జారారు.

ఒడ్డునున్న తూటిపొదలు అడ్డం పడి ఆపాయి కాబట్టి సరిపోయింది. మోకాళ్ళు చెక్కుకుపోయి, బురద కారే చీరతోనే వీరవేణి ఆసుపత్రికి చేరింది. ఇక ఆ గట్టు మీద ఎలా రావాలి, ఈ పని ఎలా నిలబెట్టుకోవాలి అని వార్డులో నర్సమ్మతో చెప్పుకుని బాధపడింది.

అప్పుడు గోడవైపు నుంచి ఒక గొంతు వినిపించింది.

"హ్యాండిలు నడిమధ్యలో పట్టేస్తోందా?"

అందరూ తిరిగి చూశారు. మస్తాన్ తాత ఇటు తిరిగి ఉన్నాడు.

అవునంది వీరవేణి. అప్పుడు తాత నెమ్మదిగా, మాట కాస్త ముద్దగా, విషయం చెప్పాడు. హ్యాండిలు కింద గొట్టంలో పైనొకటి, కిందొకటి ఇనుప కప్పులుంటాయట. వాటిలో చిన్న చిన్న గుండ్లు దొర్లుతాయట. ఏళ్ళ తరబడి నేరుగా పోయీ పోయీ, ఆ గుండ్లు ఒక్కచోటే నొక్కుకుని కప్పుల్లో గుంటలు పడ్డాయట. నట్టు బిగిస్తే గుంటలు పూడవు, కప్పులూ గుండ్లూ మార్చాల్సిందే అన్నాడు.

"మరి ఎవరు మారుస్తారు తాతా?"

తాత తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

"నువ్వు చెప్పు. నేను మారుస్తాను" అంది వీరవేణి.

ఆ తర్వాత సెలవు రోజున కొత్త కప్పులు, గుండ్లు, గ్రీజు తెచ్చుకుంది. డాక్టరమ్మని అడిగి తాతని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టింది. గుండ్లు దొర్లిపోకుండా కింద పాత దుప్పటి పరిచింది. ముందు చక్రం తీసింది, హ్యాండిలు ఊడదీసింది, ఆ తర్వాత నట్టు విప్పి, చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కిందికి లాగింది. పాత గుండ్లు తుప్పునీళ్ళతో సహా జలజలా రాలాయి. గొట్టం లోపలినుంచి కమ్మీ పెట్టి తట్టి పాత కప్పులు ఊడగొట్టింది. కిరసనాయిలుతో గొట్టమంతా తుడిచింది.

అప్పుడు రెండు తప్పులు చేసింది. మొదట కొత్త కప్పు వంకరగా దిగింది. తాత కోప్పడలేదు, ఊడదీయించి, పైన చెక్కముక్క పెట్టి నిదానంగా కొట్టించాడు. తర్వాత గ్రీజులో గుండ్లు కిక్కిరిసేలా కుక్కింది. అవీ కదలాలి కదమ్మా అని ఒక గుండు తీయించాడు. ఇక అన్నీ ఎక్కించాక నట్టు దగ్గర చిక్కొచ్చింది. బిగిస్తే హ్యాండిలు బిర్రబిగుస్తోంది, వదిలితే టకటకమంటోంది.

"ఎంత బిగించాలి తాతా?"

తాత కుర్చీలోంచి ముందుకి వంగాడు.

"నోటితో చెప్పేది కాదమ్మా అది" అన్నాడు.

అప్పుడు ఎడమచేత్తో తన కుడిచెయ్యి ఎత్తి, పానా పట్టుకున్న వీరవేణి పిడికిలి మీద పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా, బరువుగా ఉంది. వీరవేణి వెంట్రుకవాసి చొప్పున తిప్పింది. తాత కళ్ళు మూసుకున్నాడు.

"ఇక చాలు."

సైకిలు ముందు భాగం ఎత్తి కొంచెం వంచింది. హ్యాండిలు ఎక్కడా ఆగకుండా అటు వాలింది. ఇటు వంచితే ఇటు వాలింది. దించి బ్రేకు పట్టి ఊపి చూస్తే చిన్న చప్పుడు కూడా లేదు. తాత ఆ తిరగడమే చూస్తూ, ఇంకోసారి తిప్పమన్నాడు.

అప్పటికి మధ్యాహ్నమైంది. వీరవేణి గ్రీజు చేతులు కడుక్కొచ్చి, తాతకి గంజి కలపబోయింది.

"నీ క్యారేజీలో కూరేంటమ్మా?" అని అడిగాడు తాత.

"వంకాయ, ఎండురొయ్యలు."

"నాక్కూడా నాలుగు ముద్దలు పెట్టు."

ఇద్దరూ ఆ వరండాలోనే అన్నం తిన్నారు బుజ్జీ. తాత కూర ఇంకాస్త వెయ్యమన్నాడు.

కథ కంచి దారి పట్టింది,
మన కాలు ఇంటి గడప మెట్టింది,
బుజ్జిగాడి కంట నిద్ర పుట్టింది.