హజ్రత్ గదిలో గాలి మిషన్

హుసేన్ పీరా హజ్రత్‌కు దగ్గు ముదిరింది. నాపరాళ్లు కోసే ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఊరు అది. తెల్లటి రాతిదుమ్ము ఇళ్ల మీదా చెట్ల మీదా మనుషుల మీదా తేడా లేకుండా పడుతూ ఉంటుంది. "ఊపిరితిత్తులు బలహీనపడ్డాయి, దుమ్ముకు దూరంగా ఉండాలి" అని కర్నూలు డాక్టరు చెప్పాడు. హజ్రత్ ఆ మాట ఆసుపత్రి మెట్ల మీదే మరచిపోయారు. శిష్యుడు మౌలాలి మరచిపోలేదు.

మౌలాలి ఆ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టరు. పన్నెండేళ్లుగా బడి వదలగానే హజ్రత్ దగ్గరికి వచ్చేవాడు. కన్నతండ్రి పోయాక ఆయన్నే తండ్రి అనుకున్నాడు. ఆయన దగ్గినప్పుడల్లా ఇతని గుండె జారిపోయేది. అందుకే ఒకరోజు గాలిని శుభ్రం చేసే చిన్న మిషన్ కొనుక్కొచ్చి, హజ్రత్ కూర్చునే గదిలో పెట్టాడు. అది మరచెంబు కంటే కాస్త పెద్దది. గాలి బాగుంటే దాని నెత్తిన నీలం లైటు వెలుగుతుంది, దుమ్ముంటే ఎర్రలైటు.

"ఏం చేస్తుంది ఇది?" అని హజ్రత్ అడిగారు.

"గదిలో దుమ్మంతా తనలోకి లాక్కుంటుంది హజ్రత్. మంచి గాలి బయటికి వదులుతుంది."

"లాక్కున్న దుమ్ము ఏమవుతుంది?"

"లోపల ఫిల్టరుంది. దాంట్లోనే ఉండిపోతుంది."

"మంచిదే," అని హజ్రత్ దాని నెత్తి నిమిరారు.

ఆ మర్నాడు గురువారం. గురువారం సాయంత్రం హజ్రత్ దగ్గరికి జనం వస్తారు. సీసాల్లో నీళ్లు తెస్తారు. ఆయన దువా చదివి ఆ నీళ్ల మీద ఊదితే, జ్వరం వచ్చిన పిల్లకో పాలివ్వని బర్రెకో తీసుకుపోతారు. ఆ రోజు మొదటి మనిషి లోపలికి అడుగుపెట్టగానే మిషన్ ఎర్రబడి రొద మొదలుపెట్టింది.

వెంటనే మౌలాలి సాంబ్రాణి ధూపం ఆర్పేశాడు. కిటికీ మూశాడు. వచ్చినవాళ్లందరినీ అరుగు మీదే కూర్చోబెట్టాడు. సీసాలు తనే లోపలికి తెచ్చి, ఊదించి, బయటికి పట్టుకెళ్లాడు. లెక్కల మాస్టరు కదా, తారుమారు కాకుండా ప్రతి సీసాకూ కాగితం అంటించి నంబరు కూడా వేశాడు. ఏర్పాటు పకడ్బందీగా ఉంది. మళ్లీ నీలం లైటు వెలిగింది. ఆ వారం హజ్రత్‌కు దగ్గు నిజంగానే తగ్గింది. మౌలాలికి లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది.

మరుసటి గురువారం హజ్రత్ పద్నాలుగు సీసాల మీద ఊదారు. పదిహేనోది పక్కన పెట్టి, "మద్దిలేటి రాలేదా?" అన్నారు.

"రాలేదు హజ్రత్. పోయిన వారం వచ్చినాడు. చేతిలో సీసా లేదు. అరుగు మీద కాసేపు కూర్చొని లేచిపోయినాడు."

మద్దిలేటి ఫ్యాక్టరీలో బండలు కోస్తాడు. భార్య పోయి మూడు నెలలైంది. అతను ఏనాడూ నీళ్లు తేలేదు. హజ్రత్ ఎదురుగా పది నిమిషాలు కూర్చుని, ఆ వారం తను వండుకున్న అన్నం పలుకైందో ముద్దయిందో, ఆవాల డబ్బా ఎన్నాళ్లకు దొరికిందో చెప్పేవాడు. హజ్రత్ ఊ కొట్టేవారు. అంతే. ఊళ్లో ఇంకెవరితోనూ అతను ఆ మాత్రం కూడా మాట్లాడేవాడు కాదు.

హజ్రత్ మిషన్ వైపు చూశారు. "దాన్ని విప్పు."

మౌలాలి సంతోషంగా మిషన్ ఆపి, ఫిల్టరు బయటికి తీశాడు. "చూడండి హజ్రత్, ఎంత తెల్లగా ఉందో! కొన్ననాడు ఎట్లుందో అట్లే ఉంది."

హజ్రత్ దాని మీద వేలితో రాసి, వేలు చూసుకున్నారు. దుమ్ము లేదు.

"పాపం, దీనికి మనం పనే ఇవ్వలేదు," అన్నారు. ఫిల్టరు తిరిగి అతని చేతిలో పెడుతూ, "నాకు కూడా," అన్నారు.

మౌలాలి ముఖంలో నవ్వు పోయింది. "మీ దగ్గు, హజ్రత్... నాకు మీరు తప్ప ఎవరున్నారు?"

"మద్దిలేటికి ఎవరున్నారు?"

మౌలాలి చూపు అరుగు వైపు మళ్లింది.

"దగ్గొస్తే దగ్గుతాలేరా," అన్నారు హజ్రత్.

మౌలాలి ఫిల్టరు లోపల పెట్టి, మిషన్ వేసి, బండి తీశాడు. అరగంటలో మద్దిలేటిని ఫ్యాక్టరీ నుంచి వెంటబెట్టుకొచ్చాడు. మద్దిలేటి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. గడప దగ్గర ఆగి తువ్వాలుతో ఒళ్లు దులుపుకోబోయాడు.

"నేను ఈడ్నే కూర్చుంటా సార్. ఒళ్లంతా దుమ్ము."

"లోపలికి రా అన్నా."

అతను చాప మీద కూర్చున్నాడో లేదో, ఎర్రలైటు వెలిగింది. మిషన్ గట్టిగా రొద పెట్టింది. మద్దిలేటి బెదిరిపోయి లేచాడు. "ఎర్రగైంది సార్. నేను పోతా."

హజ్రత్ మౌలాలి వైపు చూశారు.

మౌలాలి మిషన్‌ను హజ్రత్ పక్కకు జరిపాడు. మద్దిలేటి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "కూర్చో అన్నా. అది దాని పని చేసుకుంటాంది." మౌలాలి అరచెయ్యి తెల్లగా అయింది. తుడుచుకోలేదు.

హజ్రత్ కాస్త ముందుకు జరిగారు. "చెప్పు నాయనా, ఈ వారం అన్నం ఎట్లొచ్చింది?"

మద్దిలేటి తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పోయిన గురువారం నించి పొయ్యి ముట్టియ్యలేదు తాతా."

మౌలాలి లేచి వెళ్లాడు. అరుగు మీద ఇంకా నలుగురైదుగురు సీసాలతో కూర్చుని ఉన్నారు. తలుపు రెండు రెక్కలూ బార్లా తీశాడు.