కనపడనివ్వాలా, వద్దా

ధర్మవరంలో కంప్యూటర్లు బాగుచేసే సుభానీ మాస్టారు దగ్గర కోమలమ్మ అనే ఆమె పని నేర్చుకుంటోంది. ఒకరోజు ఆయన్ను అడిగింది: "మాస్టారూ, ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లు. రెండూ ఒకే నెట్‌వర్కు పెట్టెకు తగిలించి ఉంటాయి. అయినా ఒకటి ఇంకోదానికి కనపడదు. అప్పుడు ముందు ఏది విప్పాల?" అంతలో మా ఇంటి నుంచి ఫోను వెళ్ళింది. మాస్టారు ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. తర్వాత జరిగింది నా కళ్ళ ముందరిది, కాబట్టి మాట తేడా లేకుండా చెబుతాను.

మా ముందు గదిలో నా పెద్దకొడుకు నాగభూషణం కంప్యూటరు మీద చీరల డిజైన్లు గీస్తాడు. వెనక కొట్టంలో చిన్నకొడుకు కుళ్ళాయప్ప ఇంకో కంప్యూటరులో ఆ డిజైను తెరిచి మగ్గానికి ఎక్కిస్తాడు. వాటికి బయటి నెట్టు నేను పెట్టనివ్వలేదు. పెట్టె ఉన్నది ఆ రెండింటినీ కలపడానికే. పెన్‌డ్రైవు కూడా నడవదు. ఒకసారి దాంతో వైరస్ వచ్చి మూడు చీరలు చెడిపోయాయి. కీబోర్డుకూ మౌసుకూ వైర్లకూ తప్ప మిగిలిన రంధ్రాలన్నిటికీ ఆరోజే నా చేత్తో లక్క పోసి మూశాను.

గురువారం నాగభూషణం కూతురు భార్గవి పెళ్ళి. చీర అంతా నేశాం, కొంగు మిగిలింది. అందులో పెళ్ళికూతురి పేరు, పెళ్ళికొడుకు పేరు రావాలి. రెండు నిండు రోజుల పని. మంగళవారం పొద్దున చూస్తే కొట్టంలో తెర మీద ముందు గది కంప్యూటరు పేరే లేదు.

"డిజైను దాచిపెట్టినావు కదన్నా," అన్నాడు కుళ్ళాయప్ప. "నేను నేస్తే నీ కూతురికి దిష్టి తగుల్తాదా?"

"నెయ్యబుద్ధి కాలేదని చెప్పు. కంప్యూటరు మీద పెట్టొద్దు."

"అట్లనా? అయితే నువ్వే నేసుకో పో." చేతిలోని నేత నాడె కింద పెట్టి లేచాడు.

పెద్దవాడికి మగ్గం మీద చెయ్యి తిరగదు. అది ఇద్దరికీ తెలుసు. భార్గవి గుమ్మంలో నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

మాస్టారు వచ్చాడు గానీ దేన్నీ విప్పలేదు. కుర్చీలో కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. గడియారం పదకొండు కొట్టింది. నాకు ఒళ్ళు మండింది. "నిన్ను మజ్జిగకు పిలవలేదు" అన్నాను.

ఆయన గ్లాసు దించాడు. "పోయినసారి పనిచేసినప్పటికీ ఇప్పటికీ ఈ ఇంట్లో ఏం మారింది?"

"పాత పెట్టె కాలిపోయింది. నిన్న కొత్తది తగిలించి నేను బజారుకు పోయినా," అన్నాడు నాగభూషణం.

"తగిలించినాక తెర మీద ఏమన్నా అడిగిందా? అప్పుడు దాని ముందర ఎవరున్నారు?"

భార్గవి నావైపు చూసి తల దించుకుంది. తండ్రీ చిన్నాయనా అంతసేపు తిట్టుకుంటున్నా పిల్ల నోరెందుకు విప్పలేదో అప్పుడు తెలిసింది నాకు.

నా చదువు సంతకం వరకే. తెర మీది మాట నిన్న పిల్లే చదివి చెప్పింది: 'ఈ కంప్యూటరును ఇతరులకు కనపడనివ్వాలా?' ఇతరులంటే నాకు ఒక్కడే, మా పినతండ్రి కొడుకు రామలింగడు. పక్క గోడ వాడిదే. పదకొండేళ్ళ కిందట నా నెమలి అంచు చూసిపోయి, నాకంటే ముందు నేసి తనదన్నాడు. ఇప్పటికీ వాడి నీడ పడితే పక్కకు జరుగుతాను. వద్దు అని నొక్కమన్నాను.

"నేనే" అన్నాను.

కోమలమ్మ ముందు గదిలో ఆ 'వద్దు'ను మార్చింది. కొట్టంలో పేరు కనపడింది, డిజైను తెరుచుకుంది. కుళ్ళాయప్ప వచ్చి మగ్గం మీద కూర్చున్నాడు. నాగభూషణం పట్టుదారం చుట్టిన కండె అందించాడు.

"పెట్టె మంచిదే, వైర్లు మంచివే," అంది కోమలమ్మ సంచీ సర్దుకుంటూ. "దీన్ని ఏం జబ్బని రాసుకోను మాస్టారూ?"

ఆయన లక్క పోసిన రంధ్రం మీద వేలు పెట్టి తడిమాడు. నావైపు మాత్రం చూడలేదు. అది నేను మరిచిపోను.

"ఈ పెట్టె వీధిలోకే పోదు కోమలమ్మా, కొట్టం దాకానే. ఇతరులు అని అది ఎవరి గురించి అడిగిందో, అది రాసుకో."