వెతకని గది

పూర్వం ఒక కోటలో దీపాలు వెలిగించే చెంచమ్మ ఉండేది. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. మాట్లాడితే దీపాలతోనే. అందుకే రాణిగారి హారం పోగానే నేరం ఆమె మీదికి నెట్టేశాడు సేనను నడిపే దళవాయి. కోటంతా వెతికించాడు గానీ, తలుపు మీద తన పేరు చెక్కిన గది జోలికి మాత్రం భటుల్ని పోనివ్వలేదు. హారం దొరకలేదు.

"నీ తరఫున చెప్పేవాళ్లున్నారా?" అన్నాడు రాజు.

"ఎవరూ లేరు ప్రభూ. నేనే తీశాను. దళవాయిగారి గదిలో దాచాను."

"అబద్ధం! ఆ గది తాళంచెవి నా మొలలోంచి కదలదు!" అని అరిచాడు దళవాయి.

గది తెరిపిస్తే హారం అక్కడే ఉంది. భటులు దళవాయిని పట్టుకున్నారు.

"అక్కడుందని నీకెలా తెలిసింది?" అనడిగాడు రాజు.

"వెతకనిది అదొక్కటే కదా ప్రభూ!"

రాజు మెచ్చుకుని ఏం కావాలో కోరుకోమన్నాడు.

చెంచమ్మ చేతులు జోడించింది. "ఇంటికెళ్తే ఈ ముచ్చట చెప్పుకోవడానికి ఎవరూ లేరు. మీరే ఇంకోసారి వినండి ప్రభూ."