నక్క పడవకు చిల్లు

ఏటి రేవులో పడవ జిత్తయ్య అనే నక్కది. గేదెలు పాలిచ్చి, పిల్లులు చేపలిచ్చి అవతలి ఒడ్డుకు దాటేవి. పడవకు చిల్లు పడితే నీళ్లలో మునిగి బాగుచేసేది నీటికుక్క ఏరమ్మ. ఆమెకిచ్చే కూలి మాత్రం చేప తలకాయ.

"మామా, ఇకమీదట నిండు చేప ఇవ్వు," అంది ఏరమ్మ ఒకనాడు. "తలకాయలతో కడుపు నిండక మావాళ్లంతా ఈ పని మానేశారు. మిగిలింది నేనొక్కదాన్నే."

"చూద్దాంలేవే," అని జిత్తయ్య మీసం దువ్వుకున్నాడు. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. "వీడు డొంకన్న. కాస్త పని నేర్పు, నీకూ చేదోడుగా ఉంటాడు."

రేవులో ఇదంతా చూస్తున్న ముసలి తాబేలు ఏరమ్మను పక్కకు పిలిచింది. "పిచ్చిదానా! వాడు నేర్చుకున్న రోజే నీకు ఉద్వాసన."

"తెలుసు బాబాయ్. నేర్చుకోనీ. ఒడ్డున కూర్చున్నంతసేపే ఆ పని చవగ్గా కనబడుతుంది."

ఏరమ్మ ఏదీ దాచకుండా నేర్పింది. ఊపిరి బిగబట్టి అడుక్కి దిగడం, తడిమి చిల్లు పట్టడం, నార కుక్కి బంకతో పూడ్చడం. డొంకన్న చెవుల్లో నీళ్లు పోయాయి, పాదాలు ఒరుసుకుపోయాయి. తొలి చిల్లు తనే పూడ్చిన రోజు మాత్రం రేవంతా వినబడేలా ఊళపెట్టాడు.

ఆ సాయంత్రమే జిత్తయ్య, "ఇక నువ్వు రానక్కర్లేదే," అన్నాడు. ఏరమ్మకు మనసు చివుక్కుమంది. ఏట్లోకి జారుకుంది.

వానలు దిగాయి. పడవ రాయికి కొట్టుకుని, గేదెలతో సహా మునగబోయి ఎలాగో రేవు చేరింది.

"దిగరా డొంకన్నా!"

"దిగుతాను బావా. కూలి నిండు చేప."

"ఇంటివాడివి, నన్నే అడుగుతావా? తిండి పెట్టడం లేదూ?"

"తిండి పెట్టేది అక్క. ఏట్లో మునిగేది నేను. పైగా ఇంత చిల్లు నా ఒక్కడి వల్ల కాదు. ఏరమ్మను పిలు. ఆమెకూ నిండు చేపే."

"ఓహో, ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

"ఆమె నేర్పింది పని ఒక్కటే బావా. ధర ఆ చన్నీళ్లే నేర్పాయి."

"చిల్లు పూడేదాకా పాల మాట ఎత్తకు," అన్నాయి గేదెలు.

ఇంకెవరినైనా పిలుద్దామంటే ఏటి పొడవునా ఆ పనికి వచ్చేవాళ్లే లేరు. జిత్తయ్య గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు. "ఏరమ్మా! తల్లీ!" అని గొంతు పోయేలా పిలిచాడు.

ఏరమ్మ తీరిగ్గా పైకి తేలింది. "ఏం మామా, తలకాయా, నిండు చేపా?"

"నిండుదే! ఇద్దరికీ నిండుదే!"

పనివాళ్ల కూలి కోసినవాడికి చివరికి పనివాళ్లే కరువవుతారు.