భద్రావతి పొడుగు

తోటిపిల్లలు నవ్వుతారన్న భయంతో సొంత పొడుగునే దాచుకోబోయిన పిల్ల ఒకతె, పేరు భద్రావతి, చీరాల పక్కన ఒక నేతగాళ్ళ ఊళ్ళో ఎనిమిదో తరగతి చదువుతుండేది. ఇది నలభై ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో ఆ ఊరు మగ్గాల చప్పుడుతో నిద్ర లేచేది. ఇంటింటి ముందూ రంగులద్దిన నూలు ఆరుతుండేది. బడికెళ్ళే పిల్లలు తడి నూలు తగలకుండా తలలు వంచుకుని దాని కిందనుంచి దూరిపోయేవాళ్ళు. ఆడపిల్లల బడికి ప్రహరీగోడ ఉండేది కాదు. గంటకు బదులు వేలాడగట్టిన రైలుపట్టా ముక్క ఉండేది. బడి ముందు అంతా ఇసకే. ఆ ఇసకలో ఆడుకున్నవాళ్ళకు ఇక ఏ నేలా నచ్చదు.

ఆ ఇసకలోనే పొద్దున్నే ప్రార్థన జరిగేది. డ్రిల్లు టీచరు సామ్రాజ్యం గారు ఏటా జూన్‌లో పిల్లల్ని పొడుగు ప్రకారం నిలబెట్టేవారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. ఆవిడ ఈల ఊది "ఇక్కడ" అన్నారంటే ఏడాదంతా అదే చోటు. అందరికన్నా ముందు నిలబడే పిల్లను అందరూ బుడంకాయ అనేవాళ్ళు. ఆఖరి పిల్లకు ఏ ఏడు పేరు ఆ ఏడు పెట్టేవాళ్ళు. మధ్యలో ఉన్నవాళ్ళకు ఏ పేరూ ఉండేది కాదు. అందుకే అందరికీ మధ్యలోనే ఉండాలని ఉండేది.

భద్రావతిది మూడో చోటు. ఆమె వెనక నాలుగో చోటు రత్నానిది. ఒకటో తరగతి నుంచీ ఇద్దరూ ఒకే పలక, ఒకే చింతపండు ఉండ. ప్రార్థన జరుగుతుంటే రత్నం వెనకనుంచి భద్రావతి జడ లాగేది. చెవిలో ఏదో చెప్పి నవ్వించేది. ఆ నవ్వు ఆపుకోలేక ఇద్దరూ ఎన్నిసార్లు తిట్లు తిన్నారో లెక్కలేదు. భద్రావతికి బడి అంటే ఆ వరుసే, ఆ వరుస అంటే వెనకనున్న రత్నమే.

ఎనిమిదిలోకి వచ్చే ఏడు, ఎండాకాలం సెలవుల్లో భద్రావతి ఒక్కసారిగా బెత్తెడు పెరిగింది. ఆ వయసే అంత, అడిగి పెరగదు. పక్కింటి పేరమ్మ చూసి, "ఏందే ఇట్టా సాగిపోతన్నావు? దూలానికి తగిలేట్టున్నావే!" అని నవ్వింది. రత్నం మాత్రం నవ్వలేదు.

"నువ్విట్టా పెరిగితే టీచరు నిన్ను ఆఖరికి తోసేస్తారు. పొడుగోళ్ళతో నేను మాట్లాడనమ్మా, ముందే చెప్తన్నా" అంది.

ఆ మాట సగం ఆటకే అంది. భద్రావతి మాత్రం మొత్తం నిజమనే తీసుకుంది.

జూన్‌లో సామ్రాజ్యం గారు బెత్తం పిల్లల తలలమీద అడ్డంగా పెట్టి చూసుకుంటూ వచ్చారు. భద్రావతి లంగాలోపల మోకాళ్ళు వంచి నిలబడింది.

"నువ్వు పెరగలేదటే?" అన్నారు టీచరు.

"లేదండీ" అంది.

మూడో చోటు నిలిచింది. ఆరోజు ఇంటికి గంతులేసుకుంటూ వెళ్ళింది.

అయితే ఒళ్ళు ఊరుకుంటుందా? జూలైలో ఇంకాస్త పెరిగింది, రోజూ ప్రార్థనలో మోకాళ్ళు ఇంకాస్త వంచాల్సి వచ్చింది. నెత్తిన బరువు మోస్తే పొడుగు ఆగిపోతుందని ఎవరో అన్నారు. అప్పటినుంచి భద్రావతి ఇంటికి కావలసిన నీళ్ళన్నీ తానే మోసింది. వాళ్ళమ్మ మురిసిపోయి, నా కూతురికి ఎంత బుద్ధొచ్చిందో అని వీధంతా చెప్పుకుంది. ఆ తల్లికేం తెలుసు? తిండి తింటే పెరుగుతారు కదా అని భద్రావతి అన్నం కూడా తగ్గించింది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టే నాయనమ్మ ఒక్కతే అది కనిపెట్టింది.

"కంచంలో అన్నం అట్టాగే ఉంది. ఎవరిమీదే ఈ అలక?" అంది.

"ఆకలి లేదు నాయనమ్మా."

"పదమూడేళ్ళకు ఆకలి లేకపోవడమేందే?" అని ముసలామె చాలాసేపు మనవరాలి మొహంలోకి చూసింది. భద్రావతి బిందె తీసుకుని బయటికి పోయింది.

ఆ నెలాఖరున ఎస్తేరు అనే పిల్ల బడిలో చేరింది. వాళ్ళమ్మ నర్సు, బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చింది. ఎస్తేరు క్లాసులో అందరికన్నా పొడుగు. తిన్నగా వెళ్ళి వరుస చివర నిలబడింది. రత్నం వెంటనే ఆమెకు "దోటి" అని కాయలు కోసే గడకర్ర పేరు పెట్టింది. అందరూ నవ్వారు.

"మా దొడ్లో ములక్కాయలు అందట్లా. పిలుద్దామా?" అని గట్టిగా అంది భద్రావతి.

ఆ మాటకు రత్నం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అందరికన్నా పెద్దగా నవ్వింది మాత్రం భద్రావతే. తన రహస్యం బయటపడకూడదని నవ్వే నవ్వు అలాగే ఉంటుంది, అవసరానికి మించి వినబడుతుంది. ఎస్తేరు పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆగస్టు పదమూడున జెండా పండగకు రిహార్సలు పెట్టారు. ఎండ చిటపటలాడుతోంది. ఉపన్యాసం చెప్పే పిల్ల మాటిమాటికీ మర్చిపోతోంది, మళ్ళీ మొదటినుంచి చెబుతోంది. భద్రావతి పొద్దున గంజి కూడా తాగలేదు. వంచిన మోకాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. కళ్ళముందు బడి గిర్రున తిరిగింది. అంతే, ఇసకలో పడిపోయింది.

అందరూ కదలడానికి భయపడి చూస్తున్నారు. వరుస చివరనుంచి ఎస్తేరు పరుగున వచ్చి ఆమెను లేపింది. భుజం ఆసరా ఇచ్చి వసారాలోకి తీసుకెళ్ళి, నీళ్ళు తాగించి, తన డబ్బాలోని రొట్టె ముక్క చేతిలో పెట్టింది.

"మోకాళ్ళు లాగేస్తన్నాయా?" అని అడిగింది మెల్లగా.

భద్రావతి చటుక్కున లంగా మోకాళ్ళమీదికి సర్దుకుంది. "నాకేం మోకాళ్ళ నొప్పులు?" అంది.

"నాకు తెలుసులే. బాపట్లలో నేనూ ఏడాదంతా అట్టాగే నుంచున్నా. ఎంత వంగినా నవ్వేవాళ్ళు నవ్వుతానే ఉన్నారు. నాకు మాత్రం నడుం పట్టేసింది. మా అమ్మ ఆస్పత్రిలో పొడుగు కొలిచేచోట నన్ను నిలబెట్టి, 'ఇది నీ ఒళ్ళు, దీంతోనే నువ్వు బతకాలి' అంది. ఆరోజుతో మానేశా."

భద్రావతి రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. తర్వాత, "నిన్ను అంతమాటన్నా కదా, నన్నెందుకు లేపావు?" అంది.

"నువ్వు నవ్వేప్పుడు కూడా వంగే ఉన్నావు. నాకు కోపం రాలా. జాలేసింది" అంది ఎస్తేరు.

భద్రావతికి ఏడుపొచ్చింది. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది. రొట్టె నములుతూనే ఏడ్చింది.

పదిహేనో తారీఖు పొద్దున్నే కడుపునిండా తిని బడికి వెళ్ళింది. తెల్ల ఓణీలు, కొత్త రిబ్బన్లు, రంగు కాగితాల తోరణాలు. ఆ రోజుల్లో జెండా పండగ అంటే ఊరికి సగం పెళ్ళి. భద్రావతి మూడో చోట నిలబడింది. రత్నం వెనకనుంచి జడ లాగింది. ఇక ఈ జడ లాగే చెయ్యి ఉండదేమో అనిపించింది భద్రావతికి. ఒక్కక్షణం మళ్ళీ మోకాళ్ళు వంచుదామనుకుంది. అప్పుడు ఎస్తేరు మాట గుర్తొచ్చింది. ఊపిరి పీల్చుకుని నిటారుగా నిలబడింది.

సామ్రాజ్యం గారు వస్తూ వస్తూ ఆగిపోయారు.

"ఓసి నీ దుంపతెగ! ఇంత పొడుగు ఎక్కడ దాచావే?"

"మోకాళ్ళలోనండీ" అంది భద్రావతి.

వరుసంతా గొల్లుమంది. టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. "పో, ఆఖరికి పో" అని ఈల ఊదారు. రత్నం మాత్రం నవ్వలేదు. మొహం పక్కకు తిప్పుకుంది. భద్రావతి ఒక్కొక్క పిల్లనే దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. ఎస్తేరు కాస్త జరిగి చోటిచ్చింది.

జెండా ఎగిరింది. పూలు రాలాయి. అంత పొడుగున నిలబడితే అన్నీ తిన్నగా కనబడుతున్నాయి. కానీ ఆమె చూపు రత్నం మీదే ఉంది. రత్నం నిలబడినచోటే అటూ ఇటూ ఊగుతోంది. ఒకసారి పడబోయి తమాయించుకుంది. ఇన్నేళ్ళూ ముందు నిలబడిన భద్రావతికి అది ఎప్పుడూ కనబడలేదు.

కార్యక్రమం అయిపోగానే పిల్లలందరూ పిప్పరమెంట్లు పంచేచోటికి ఉరికారు. అందరికన్నా వెనకనున్న భద్రావతి ఆఖర్న వచ్చింది. రత్నం నిలబడినచోట ఇసకలో రెండు చిన్న దిబ్బలున్నాయి. రెండింటిమీదా కాలివేళ్ళ గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. మడమల గుర్తులు లేవు. రత్నం ఇన్నాళ్ళూ లంగా చాటున ఇసక పోగేసుకుని దానిమీద మునివేళ్ళతో నిలబడుతోందన్నమాట. దిబ్బ లేకపోతే ఆమెది వరుసలో మొదటి చోటే.

భద్రావతి అటూ ఇటూ చూసింది. ఎవరి కంటా పడకముందే రెండు దిబ్బల్నీ కాలితో చదును చేసింది. తలెత్తేసరికి ఎదురుగా రత్నం.

రత్నం మొహం పాలిపోయింది. "అందరికీ చెప్తావా?" అంది.

"చెప్పను. నాతో చెప్పకుండా ఎందుకే ఇదంతా?"

"బుడంకాయనైతే నీ దగ్గర చోటు పోద్ది కదే! నువ్వు పెరుగుతంటే నాకు భయమేసింది. అందుకే నిన్నూ, ఎస్తేర్నీ అట్టా అన్నా" అని రత్నం భోరుమంది.

"నేనెందుకు వంగానో తెలుసా? నీ దగ్గర చోటు పోద్దనే!" అంది భద్రావతి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఏడ్చారు. తర్వాత ఆ ఇసకలోనే కూలబడి, పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఎస్తేరు దగ్గరికి వెళ్ళి, తప్పయిపోయిందని చెప్పారు.

మర్నాడు రత్నం దిబ్బ లేకుండా నిలబడింది. టీచరు ఆమెను మొదటి చోటుకు మార్చారు. బుడంకాయ అన్నారా అంటే, అన్నారు. వారం రోజులు అన్నారు, తర్వాత వాళ్ళకే విసుగొచ్చి మానేశారు. ఒకరు వరుసకు ఈ చివర, ఒకరు ఆ చివర. అయినా మధ్యాహ్నం అన్నాల దగ్గర రత్నం, భద్రావతి, ఎస్తేరు ముగ్గురూ ఒకే వసారాలో కూర్చునేవాళ్ళు. ఇప్పుడు ఆ ఇసకను సిమెంటు కప్పేసింది. ఆ మగ్గాల్లో సగం మూగబోయాయి. తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆ ముగ్గురు మాత్రం ఈనాటికీ స్నేహితులే.

ఎదిగే వయసులో ఎవరి కొలత వాళ్ళదే; నలుగురూ నవ్వుతారని దాన్ని దాచుకునేవాళ్ళు తమ ఒంటినీ బాధపెట్టుకుంటారు, తోటివాళ్ళనీ నొప్పిస్తారు.